గోడలో మిగిలింది

జనవరి 9

మావయ్యకు,

ఫోన్ చేస్తే నువ్వు "ఆ... ఆ" అంటావు. రెండో "ఆ" వచ్చిందంటే మొదటి మాట కూడా వినపడలేదని అర్థం. ముప్పై ఐదేళ్ళు కొలిమి హోరులో పనిచేసిన చెవులతో నేనేం పోట్లాడను? అందుకే కాగితం పట్టాను. అమ్మకు చెబితే నవ్వింది. "వాడికి అక్షరాలు కూడా అరిచి రాయాలే" అంది. అరిచే రాస్తున్నాను, చూడు ఎంత పెద్దవో.

పోయినసారి అడిగావుగా, "నాలుగేళ్ళయింది, ఇంతకీ నువ్వక్కడ చేసేదేంటి?" అని. చుట్టాలందరికీ "గోడలు చూస్తాను" అని చెప్పి తప్పించుకుంటాను. నీకు మాత్రం సరిగ్గా చెబుతాను, ఎందుకంటే నీదీ గోడల పనే.

సూర్యుడి పొట్టలో జరిగే పనిని ఒక డబ్బాలో జరిపించి కరెంటు తీయాలని ప్రపంచమంతా తంటాలు పడుతోంది. హైడ్రోజన్‌ను విపరీతంగా వేడి చేస్తే అది మామూలు గాలిలా ఉండదు, కరెంటు పారే మంటలా మారుతుంది. దాన్నే ప్లాస్మా అంటాం. అయస్కాంతాలతో దాన్ని గోడకు తగలకుండా పట్టి ఉంచుతారు. ఎంత పట్టినా కొంత జారి వెళ్ళి గోడను కొడుతుంది. అప్పుడు గోడ ఏమవుతుందన్నదే నా చదువు. కొట్టిన హైడ్రోజన్ లోహంలోకి దూరి కూర్చుంటుంది. సెలవులకొచ్చిన చుట్టంలాగా పొమ్మన్నా పోదు. కరెంటు తీసే నిజమైన రియాక్టర్‌లో ఆ ఇంధనానికి రేడియోధార్మికత ఉంటుంది కాబట్టి గోడలో ఎంత తక్కువ మిగిలితే అంత మేలు.

మా దగ్గరున్నది రియాక్టర్ కాదు, గది పొడుగున ఒక గొట్టం. దాని చివర చొక్కా బొత్తామంత టంగ్‌స్టన్ బిళ్ళను బిగిస్తాం. గంటసేపు ప్లాస్మాతో కొట్టిస్తాం. తర్వాత బిళ్ళను బయటకు తీసి మెల్లగా కాల్చి, లోపల్నుంచి ఎంత వాయువు వస్తుందో లెక్కపెడతాం. నేను ఒక పూత తయారుచేశాను. పూత వేసిన బిళ్ళల్లో మామూలు వాటిలో మిగిలేదాంట్లో మూడోవంతే మిగులుతోంది! మా గైడు మేడం ఎవరినీ మెచ్చుకోరు. నా గ్రాఫు చూసి కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ చూశారు. మా దగ్గర అదే సన్మానం. ఇంకో ల్యాబ్ వాళ్ళు నా అంకెలు నమ్మి తలుపంత పలకకు ఈ పూత వేయించబోతున్నారు. జూన్‌లో థీసిస్ ఇచ్చేస్తాను.

ఇంత బాగున్నా నాకెందుకో కాలు ఒకచోట నిలవడం లేదు. కాలుగాలిన పిల్లిలా కారిడార్‌లో తిరుగుతున్నాను. మావయ్యా, నువ్వు కట్టిన గోడ నిప్పుకు ఆగుతుందని నీకెలా తెలిసేది? నాన్న ప్రమాదం తర్వాత ఇంట్లో ఎవరూ కొలిమి మాట ఎత్తేవారు కాదు, అందుకే ఇన్నేళ్ళూ అడగలేదు.

నీ పిచ్చుక

జనవరి 24

పిచ్చుకా,

నీ ఉత్తరం చేరింది. అత్తయ్య నాకంటే ముందు చదివేసి, "దానికి పెళ్ళి సంగతేమీ లేదు, అంతా ఇనుమే" అని నా మీదికి విసిరింది.

నువ్వు నా పరువు తీశావు. ప్లాస్మా అంటే పక్కింటాయనకు జ్వరమొచ్చినప్పుడు సీసాలో ఎక్కించారే, అదనుకుని వీధి వీధంతా చెప్పుకొచ్చాను, మా మేనకోడలు రక్తం డాక్టరవుతోందని. నిన్న ముగ్గురు రిపోర్టులు పట్టుకుని వచ్చారు. ఒకావిడ నీ ఫోన్ నంబరు కూడా తీసుకుపోయింది. చేస్తే ఏదో ఒకటి చెప్పు, పాపం మంచావిడ.

పోయినేడు రిటైరైన దగ్గర్నుంచి నాకూ కాలు నిలవడం లేదు. ఇంటి గోడలకు సున్నం వేశాను. బాగా రాలేదని మళ్ళీ వేశాను. మూడోసారి డబ్బా తెస్తే అత్తయ్య దాన్ని ఎక్కడో దాచేసింది. పొద్దున లేస్తే ఎక్కడికైనా పోవాలనిపిస్తుంది. బయటికెళ్తే ఇంటికి పోవాలనిపిస్తుంది.

నీ పనికి అక్కరకొచ్చే మాట ఒకటి చెబుతాను. మా దగ్గర ప్రతి కొలిమికీ వేడి చూపే మీటరుండేది. ఆఫీసు వాళ్ళు దాన్ని చూసేవారు. మేం చూసేవాళ్ళం కాదు. మీటరు తీగ వదులైతే అది దాని ఇష్టమొచ్చిన అంకె చూపిస్తుంది. నిప్పు మాత్రం అబద్ధమాడదు. రంగు చూడాలి. ముదురెరుపు, దానిమ్మ గింజ ఎరుపు, పసుపు, తెలుపు. కంటికి కనపడ్డ రంగుకూ మీటరుకూ పొత్తు కుదరకపోతే, మీటరును పక్కన పెట్టేవాళ్ళం.

మీ నాన్న, మా బావ, నీ పేరు పక్కన డాక్టర్ అని రాయించిన కాగితం ఒకటి అప్పుడే తయారుచేయించాడట. ఉన్న ఒక్క కన్నుతోనే దాన్ని రోజూ చదువుకుంటున్నాడని అక్క ఫోన్‌లో అత్తయ్యకు చెప్పింది.

గోడ ఆగుతుందో లేదో ఎలా తెలుస్తుందని అడిగావు. అది రాయడానికి కుదిరే సంగతి కాదులే.

ఒళ్ళు జాగ్రత్త. మంట దగ్గర పలచటి చున్నీలు వేసుకోకు.

మావయ్య

ఫిబ్రవరి 20

మావయ్యకు,

ఆవిడ ఫోన్ చేసింది. రక్తంలో ఏదో తక్కువైందట. నేను గోడల డాక్టర్నని చెబితే "అయితే మా వంటగది గోడ చెమ్మెక్కుతోందమ్మా" అంది. తప్పించుకోలేకపోయాను. అరగంట మాట్లాడాం.

నాకు మంట దగ్గర నిలబడే పని లేదు. చున్నీ మాటకు మా ల్యాబంతా నవ్వింది. అంతా గాలి తీసేసిన గొట్టం లోపలే జరుగుతుంది, నేను చిన్న కిటికీలోంచి చూస్తాను. మాతోపాటు పనిచేసే ఒకమ్మాయి ఉంది. జేబులో ఎప్పుడూ పానా ఉంటుందని "స్పానర్" అని పిలుస్తాం. నా పూత మీదే ఆమె తన థీసిస్ మొదలుపెట్టింది. నువ్వు రాసిన రంగుల పట్టీ తనకెంతో నచ్చి గోడకు అంటించుకుంది. "మీ మావయ్యను ల్యాబ్‌లో పెట్టుకుందాం" అంటోంది.

ఒకటి అడగనా? రెండు నెలలుగా నువ్వు మా ఇంటి గడప తొక్కలేదట. ఇరవై నిమిషాల దారి. "మీ మావయ్యకు ఏమైనా కోపమొచ్చిందా?" అని అమ్మ నన్నడుగుతోంది. నాన్న ఏమైనా అన్నాడా? నాన్న మాట కటువు గానీ మనసు కాదు, నీకు తెలియనిదేముంది. కరిగిన ఉక్కు పేలి నాన్న మీద పడ్డప్పుడు ఆస్పత్రిలో నెలరోజులు కాపలా ఉన్నది నువ్వే కదా. తుక్కు యార్డులో తడి ఇనుము చూసుకోకుండా పంపినవాణ్ణి నాన్న ఇప్పటికీ తిడతాడు. నిన్ను మాత్రం "నా బామ్మర్ది లేకపోతే నేను లేను" అంటాడు.

ఈసారి బిళ్ళ బిగించినప్పుడు సరదాకి నేను కూడా రంగు చూస్తాను. ప్లాస్మా వెలుగుతున్నంతసేపూ కళ్ళు జిగేలుమంటాయి, ఏమీ తెలీదు. ఆపిన మరుక్షణం బిళ్ళ ఒక్కటే కనపడుతుంది. నీ పేరు చెప్పుకుని చూస్తాను.

పిచ్చుక

మార్చి 2

మావయ్యా,

క్షేమసమాచారాలు తర్వాత. గోడ సంగతి బయటపడింది. ఇన్నాళ్ళూ అందరూ నమ్మింది అబద్ధం. తప్పు లోహానిది కాదు, తొందరగా పని ముగించుకోవాలనుకున్న మనిషిది. ఆ రోజే అనుమానం వచ్చి కూడా నోరు మెదపని మనిషిది. ఆ మనిషిని నమ్మి ఎవరెవరు ఏమేం పోగొట్టుకుంటారో లెక్కేస్తూ రాత్రంతా కూర్చున్నాను.

నాన్నకు ఏమని చెప్పను? ఆ ఒక్క కన్నుతో నాన్న చూసే చూపుకు ఎలా నిలబడాలి?

నువ్వన్న మాటతోనే బయటపడింది. నీకు ముందే తెలుసేమో అని కూడా అనిపించింది. ఏం చెయ్యాలో నువ్వే చెప్పు. అన్నం సహించడం లేదు.

పి.

మార్చి 14

అమ్మా,

పిచ్చుకా అని రాసే మొహం లేదు. నీకెలా తెలిసిందో నేనడగను. ఎప్పటికో ఒకప్పటికి తెలుస్తుందని ఇరవై ఒక్కేళ్ళుగా ఎదురుచూస్తూనే ఉన్నాను. తెలిసింది నీకు కావడం నా ఖర్మ.

వేరేవాళ్ళు చెప్పింది విన్నావేమో, నా నోటితో కూడా విను. కరిగిన ఉక్కును మోసే పెద్ద గంగాళాన్ని మేం లేడిల్ అంటాం. దాని లోపల ఇటుక పేర్చి, మట్టి పూత పూసి, గ్యాసు మంటతో ఇరవై నాలుగు గంటలు ఆరబెట్టాలి. గోడలో చుక్క తడి మిగిలినా, ఉక్కు పోయగానే అది ఆవిరై బాంబులా పేలుతుంది. ఆ లేడిల్‌కు గోడ కట్టింది నేను. ఆరబెట్టడం నా బాధ్యత.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో క్యారమ్స్ ఫైనల్ ఉంది. పది నిమిషాల్లో వద్దామని వెళ్ళాను. ఆట మీద ఆట పెరిగింది. నేను తిరిగొచ్చేసరికి మంట ఆరిపోయి ఉంది. ఎప్పుడు ఆరిందో తెలీదు, నాలుగు గంటలైనా అయ్యుండాలి. మళ్ళీ వెలిగించాను. "ఇంకా ఆరలేదు, రేపటిదాకా ఆపండి" అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఎందుకారలేదని అడుగుతారు కదా. అడుగుతారని నోరు మూసుకున్నాను. చేత్తో గోడ తడిమి చూశాను. పైన పొడిగానే ఉంది. లోపల సంగతి నాకు తెలుసు, తెలీదు అనుకున్నాను.

మర్నాడు పొద్దున ఆ లేడిల్ దగ్గర డ్యూటీ బావది.

విచారణకు వచ్చినవాళ్ళు లేడిల్‌లో వేసిన తుక్కు ఇనుములో తడి ఉందని తేల్చారు. తుక్కు యార్డు ఆయన్ను ఉద్యోగం నుంచి తీసేశారు. ఇద్దరు పిల్లలు ఆయనకు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఒక్క మాట అనలేదు.

ఫైనల్ గెలిచినందుకు నాకు ఫ్లాస్కు బహుమతి ఇచ్చారు. మూడో రోజు అందులోనే బావకు ఆస్పత్రికి టీ తీసుకెళ్ళాను. కళ్ళకు కట్టుతో, చేతికి కట్టుతో పడుకుని "నువ్వు కాబట్టి వచ్చావురా" అన్నాడు.

అత్తయ్యకు కూడా తెలీదు. రిటైరయ్యాక పని లేని బుర్రలో ఇదొక్కటే తిరుగుతోంది. బావ ఎదురుగా కూర్చోలేక మీ ఇంటికి రావడం మానేశాను.

ఇప్పుడు నువ్వు ఏం చెయ్యమంటే అది చేస్తాను.

మావయ్య అని రాయనా వద్దా తెలీదు

మార్చి 27

మావయ్యా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట ఒకడు. నేను రాసింది నీ గురించి కాదు. నా గురించి. ఆ మనిషి నేనే.

పోయినేడు బిళ్ళను బిగించే క్లాంపు మార్చాను. పాతదానితో నలభై నిమిషాలు పట్టేది, నేను గీసినదానితో ఐదే. మొదటి రోజే మీటరు మామూలుకంటే మెల్లగా ఎక్కుతోందని గమనించాను. "తర్వాత చూద్దాంలే" అనుకున్నాను. వేడి చూపే తీగ బిళ్ళకు సరిగ్గా ఆనడమే లేదు. మీటరు మూడొందల యాభై డిగ్రీలు అంటుంటే బిళ్ళ ముదురెరుపుగా మెరుస్తోంది, అంటే ఆరొందలకు పైమాటే. ఎక్కువ వేడెక్కిన లోహంలో వాయువు ఎలాగూ నిలవదు. పూత వేసిన బిళ్ళలన్నీ కొత్త క్లాంపుతో, వెయ్యనివన్నీ పాతదానితో చేశాను. నా పూత గొప్పదనం ఏమీ లేదు. అదంతా నా వదులు తీగ చేసిన మాయ.

అదీ నేను రాసింది. అంత గజిబిజిగా రాయడం నా తప్పు. రాయకపోయినా బాగుండేదని ఒకసారి, రాయడమే మంచిదైందని ఒకసారి అనిపిస్తోంది.

నాకప్పుడు ఏడేళ్ళు. నాన్న కుడిచేతికి మూడు వేళ్ళు పోయాక చొక్కా గుండీలు పెట్టడం నేను నేర్చుకున్నాను. బడికి వెళ్ళే ముందు కుర్చీ ఎక్కి పెట్టేదాన్ని. నువ్వొచ్చిన రోజు ఆ పని నువ్వు చేసేవాడివి. నాకెంత సంతోషంగా ఉండేదో, ఒకరోజు సెలవు దొరికినట్టు. ఇప్పుడు ఆ చేతులు గుర్తొస్తుంటే అరికాలి మంట నెత్తికెక్కుతోంది. క్యారమ్స్ బోర్డా మావయ్యా? క్యారమ్స్ బోర్డా?

నిన్ను ఇంకా ఎన్నో అనాలని ఉంది. అనబోయేసరికి నా మాటలే నాకు అడ్డం తిరుగుతున్నాయి. ఇరవై ఐదు రోజులైంది, నేను కూడా ఎవరికీ చెప్పలేదు. స్పానర్ రోజూ నా అంకెలు తీసుకుని లెక్కలు వేసుకుంటోంది. ఆ పలక పని ఆగలేదు.

నాన్నకు నేను చెప్పను.

పిచ్చుక

ఏప్రిల్ 10

పిచ్చుకకు,

అందింది. నువ్వు బావకు చెప్పొద్దన్నావు కాబట్టి నేను చెప్పను. నీ మాట మీద ఉంటాను. ఇప్పుడు అసలు సమయం కూడా కాదు. బావకు ఉన్న కంటికి శుక్లం బాగా ముదిరింది, మే మొదటివారంలో ఆపరేషన్. ఒక్క కన్ను కాబట్టి డాక్టరు కూడా భయపడుతున్నాడు. నీ చదువు చెడుతుందని అక్క నీకు చెప్పలేదేమో, నేను చెప్పినట్టు అనకు.

నా గురించి రాసినవన్నీ నిజమే. ఇంకా రాయొచ్చు. చదువుతాను.

నువ్వు మాత్రం నాలాగా చెయ్యకు. ఇరవై ఐదు రోజులన్నావు. నాకు మొదటి ఇరవై ఐదు రోజులే కష్టమయ్యాయి. ఆ తర్వాత అలవాటైంది. అలవాటైపోతుంది చూశావా, అదే దానిలోని విషం.

మావయ్య

ఏప్రిల్ 25

మావయ్యకు,

నేను చెప్పొద్దనలేదు. "నేను చెప్పను" అన్నాను. నువ్వే చెప్పాలి అని. నా వాక్యాలు నీ చెవుల్లా తయారైనట్టున్నాయి, సగమే చేరుతున్నాయి.

ఆపరేషన్ సంగతి అమ్మను అడిగితే "ఎవరు చెప్పారే?" అంది. గాలి చెప్పిందన్నాను. మన ఇంట్లో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పరు. అందరం ఎదుటివాళ్ళ మేలు కోసమే నోరు కట్టేసుకుంటాం. నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

మొన్న బుధవారం మేడం గదికెళ్ళాను. ఐదుసార్లు తలుపు దాకా వెళ్ళి ఐదుసార్లూ నీళ్ళ కూలర్ దగ్గరికి పోయాను. ఆరోసారి ఆవిడే తలుపు తీసి, "కడుపులో ఎన్ని నీళ్ళు పడతాయి నీకు? లోపలికి రా" అన్నారు.

అంతా చెప్పాను. ఎర్రగా మెరుస్తున్న బిళ్ళకు తీసిన ఫొటో చూపించాను. చాలాసేపు చూశారు.

"ఎప్పుడు తెలిసింది?"

"మార్చి ఒకటిన."

"ఇవాళ తారీఖెంత?"

"ఏప్రిల్ ఇరవై రెండు."

"తీగ వదులవడం ఎవరి చేతిలోనైనా జరుగుతుంది. నా చేతిలోనూ జరిగింది. ఈ యాభై రెండు రోజులు మాత్రం నీ సొంతం" అన్నారు. గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేది. నా ముందే ఆ ల్యాబ్ వాళ్ళకు ఫోన్ చేసి పలక పని ఆపించారు. మర్నాటి నుంచి పూత వెయ్యడం మొదలుపెట్టాల్సి ఉందట.

స్పానర్‌కు నేనే చెప్పాను. "నా ఏడాది" అంది, అంతే. లేచి వెళ్ళి గోడకు అంటించుకున్న నీ రంగుల పట్టీ పీకేసింది. ఇంతవరకూ నాతో మాట్లాడలేదు. బిళ్ళలన్నీ పాత క్లాంపుతో మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. జూన్ లేదు. ఇంకో ఏడాదో, ఏడాదిన్నరో.

నాన్నకు ఫోన్‌లో చెప్పాను. "ఆ కాగితం దాచిపెడతాలే, తారీఖు మార్చుకోవచ్చు" అన్నాడు. అంత మెత్తగా మాట్లాడే నాన్న నాకు కొత్త.

నీ మీద కోపం పోలేదు. పోయిందని రాస్తే అబద్ధమవుతుంది, అబద్ధాలు చాలు. ఆపరేషన్ అయ్యేదాకా ఆగు. ఆ తర్వాత మాత్రం ఆగకు.

పిచ్చుక

మే 19

పిచ్చుకకు,

ఆపరేషన్ బాగా జరిగింది. ఆ మాట ముందు.

కట్టు ఉండగానే చెప్పేద్దామని రెండుసార్లు అనుకున్నాను. చూడలేడు కదా, నాకు సులువు. మళ్ళీ అది కూడా దొంగతనమే అనిపించింది. కట్టు విప్పి, చూపు కుదిరేదాకా పదిరోజులు ఆగాను. నాలుగు రోజుల కిందట పొద్దున వెళ్ళాను. బావ వరండాలో కూర్చుని ఎదురింటి మేడ మీద ఆరేసిన బట్టలు లెక్కపెడుతున్నాడు. "చూడరా, క్లిప్పులు కూడా కనపడుతున్నాయి" అన్నాడు. అక్క టీ ఇచ్చింది. గ్లాసు చేతిలో పట్టుకునే చెప్పాను. మధ్యలో ఆగితే మళ్ళీ నోరు రాదని ఏకబిగిన చెప్పేశాను.

బావ నా మొహం వైపే చూస్తూ విన్నాడు. అరవలేదు. చివర్లో ఒక్కటే అడిగాడు.

"తుక్కు యార్డు ఆయనకు చెప్పావా?"

"లేదు బావా."

"ఇరవై ఏళ్ళుగా నేనాయన్ను తిట్టని రోజు లేదు. పిల్లల ముందు తిట్టాను. చుట్టాల ముందు తిట్టాను. నా చేత తిట్టించావు కదరా." వీధి వైపు చెయ్యి చూపించి, "లే. అక్కడికి వెళ్ళిరా. వెళ్ళకుండా మా గడప తొక్కకు" అన్నాడు.

అక్క దగ్గరికొచ్చింది. నా చేతిలోంచి గ్లాసు తీసుకుంది. సగం టీ ఉంది అందులో. దాన్ని తీసుకెళ్ళి సింకులో పారబోసింది. ఆ చప్పుడు మాత్రం నాకు బాగా వినపడింది.

అత్తయ్యకు కూడా చెప్పాను. రెండు రోజుల నుంచి నాకు అన్నం పెట్టి పక్కగదిలో తింటోంది.

రోజూ బయలుదేరుతున్నాను. తుక్కు యార్డు ఆయన ఇంటి సందు మొదట్లో నిలబడి వచ్చేస్తున్నాను.

మావయ్య

జూన్ 3

మావయ్యకు,

అమ్మ ఫోన్ చేసి గంటసేపు ఏడ్చింది. నీ మీద ఎంత కోపంగా ఉందో, నువ్వు తిన్నావో లేదో అన్న బెంగ కూడా అంతే ఉంది. "వాడు నా తమ్ముడు కాకపోతే బాగుండు" అంది, వెంటనే "అయ్యో, ఏం మాటన్నాను" అంది. నాన్న ఎవరితోనూ మాట్లాడటం లేదట.

ఇక్కడ మొదటి ఎనిమిది బిళ్ళలు అయ్యాయి. పూత వేసినవాటికీ వెయ్యనివాటికీ తేడా లేదు. కొండను తవ్వితే ఎలుక కూడా దొరకలేదు. మేడం మాత్రం, తీగ వదులైతే ఎంత తప్పు చూపిస్తుందో లెక్కగట్టి రాయమన్నారు. మిగతా ల్యాబుల వాళ్ళు కూడా వాళ్ళ క్లాంపులు చూసుకుంటారట. ఆ కాగితం మీద నా తప్పే మొదటి వాక్యం. రెండుసార్లు కొట్టేశాను, మూడోసారి ఉంచాను.

నిన్న స్పానర్ వచ్చి నా బల్ల మీద పానా పెట్టింది. "నీ బిగింపు నాకు నమ్మకం లేదు. ఇకనుంచి నేనే బిగిస్తాను" అంది. సరే అన్నాను. ఇద్దరం రోజంతా పనిచేశాం. స్నేహమని అనలేను. కానీ బిళ్ళ గట్టిగా ఉంది.

మావయ్యా, సందు మొదట్లో ఆగి వచ్చేస్తున్నానన్నావు. నీళ్ళ కూలర్ దగ్గర నేను నిలబడినట్టు. మేడం తలుపు తీశారు కాబట్టి నాకు గడిచింది. నీకు తలుపు తీసేవాళ్ళు ఎవరూ లేరు. నువ్వే తట్టాలి.

పిచ్చుక

జూన్ 28

పిచ్చుకకు,

తట్టాను.

తుక్కు యార్డు ఆయన ఇప్పుడు పాత కాగితాల దుకాణం నడుపుతున్నాడు, కూతురింటి ముందు గదిలో. నన్ను గుర్తుపట్టాడు. "కూర్చోండి" అని కట్టల మీద చోటు చూపించాడు. నిలబడే చెప్పాను. తూకం రాయి చేతిలో పట్టుకుని విన్నాడు. కొడతాడనుకున్నాను. కొట్టనిద్దామనే అనుకున్నాను.

ఆయన రాయి కింద పెట్టి, లోపలికి చూసి కూతుర్ని పిలిచాడు. "ఈయన చెప్పేది విను. మళ్ళీ చెప్పండి" అన్నాడు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఆ అమ్మాయి వింటూ వింటూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అప్పుడు ఆయన అన్న మాట రాయడానికి నాలుగు రోజులు పట్టింది నాకు. "విచారణలో నేను చూసే పంపానని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. కొన్నాళ్ళకు నేను కూడా నమ్మడం మానేశాను. ఏదో ఒక తడి ముక్క నా కంట పడలేదేమో, నా వల్లే ఆయన కన్ను పోయిందేమో అనుకున్నాను. ఇరవై ఏళ్ళు అనుకున్నాను" అన్నాడు.

పిచ్చుకా, ఆయన ఉద్యోగం పోయిందని మాత్రమే నేననుకున్నాను. ఆయన మీద ఆయనకున్న నమ్మకం కూడా నేనే తీసుకున్నానని నాకు తోచనేలేదు.

క్షమించమని అడిగాను. "అది తర్వాత చూద్దాం. ముందు ఫ్యాక్టరీ ఆఫీసుకొచ్చి రాసివ్వండి. నా కాగితంలో ఇంకా అజాగ్రత్త అనే ఉంది" అన్నాడు.

సోమవారం ఇద్దరం వెళ్ళాం. గేటు దగ్గర బావ నిలబడి ఉన్నాడు. నేను చెప్పలేదు. తుక్కు యార్డు ఆయనే బావకు ఫోన్ చేసి రమ్మన్నాడట. బావ నావైపు చూడలేదు. నేరుగా ఆయన దగ్గరికెళ్ళి, వేళ్ళు లేని ఆ చేత్తోనే ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఏమన్నాడో నాకు వినపడలేదు. ఆయన తల అడ్డంగా ఊపాడు, బావ మళ్ళీ ఏదో అన్నాడు. చాలాసేపు అలాగే ఉన్నారు.

రికార్డుల గదిలో ఉన్న అమ్మాయి మా ముగ్గుర్నీ చూసి, "ఇరవై ఏళ్ళనాటిది ఇప్పుడెందుకండీ?" అంది.

"నాకు కావాలమ్మా" అన్నాడాయన.

"ఆ రోజు ఆ లేడిల్ దగ్గరున్నది నేను" అన్నాడు బావ. "ఈయన చెప్పేది రాసుకోమ్మా. ఒక్క మాట వదలకుండా రాసుకో."

చెప్పాను. రాసుకుంది. సంతకం పెట్టాను. బావ ఎడమచేత్తో సాక్షి సంతకం పెట్టాడు. పైవాళ్ళకు పంపిస్తాననీ, ఏమవుతుందో చెప్పలేననీ అంది. నా పెన్షన్ సంగతి అడిగితే అది కూడా చెప్పలేనంది. ఏమైతే అది అవుతుంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో వాళ్ళిద్దరూ ఒక సీట్లో కూర్చున్నారు. నేను కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ఇద్దరూ మోకాళ్ళ నొప్పుల గురించి, మందుల ధరల గురించి మాట్లాడుకున్నారు. నాతో ఎవరూ మాట్లాడలేదు. ఆయన ముందు దిగిపోయాడు. పక్కన సీటు ఖాళీ అయింది గానీ నేను కూర్చోలేదు. నా స్టాపు వచ్చింది. దిగాలని తెలుసు, కడ్డీ వదల్లేదు. బస్సు కదిలిపోయింది.

వాళ్ళ స్టాపులో బావ లేచాడు. నన్ను దాటుకుని మెట్ల దాకా వెళ్ళి, వెనక్కి తిరిగాడు.

"ఏం, డిపో దాకా పోతావా? దిగు. మీ అక్క ఎదురుచూస్తుంటుంది."

దిగాను.

మావయ్య